చెప్పకూడని గూడు

ఈ ప్రయాణం బోనాలు అయిపోయిన వారంలో చేశాను. రాస్తున్నది దీపావళి దాటాక. ఆలస్యానికి రెండు కారణాలు. ఒకటి నా రాత. నాకు యాభై మూడేళ్ల వయసులో అక్షరాలు వచ్చాయి. నాచారం కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్నం జరిగే క్లాసులో నేర్చుకున్నాను. ఇప్పుడు యాభై ఆరు. చదవడం తొందరగానే పట్టుబడింది కానీ రాయడం ఇంకా నెమ్మదే. పొద్దున వంట కాగానే కూర్చుంటే ఒక పేజీ నిండేసరికి అన్నం వేళ అవుతుంది. రెండోది, ఇచ్చిన మాట. వానాకాలం దాటి ఆఫీసు కాగితం వచ్చేదాకా ఆ చోటు గురించి ఎక్కడా రాయనని ప్రసన్న మేడానికి మాట ఇచ్చాను.

కాగితం పోయిన వారం వచ్చింది. అయినా చెరువు పేరు రాయను. ఉప్పల్ చుట్టుపక్కల చెరువులు ఒకటి కాదు. తెలిసినవాళ్లకు తెలిసిపోతుంది. తెలియనివాళ్లు వెతుక్కుంటూ వెళ్లకపోతేనే మంచిది.

మూడు రోజుల దారి. నాచారం, హబ్సిగూడ, ఉప్పల్, పీర్జాదిగూడ, పోచారం, తిరిగి ఉప్పల్. అంతా కలిపినా నేను పుట్టిన జనగామ దాకా కూడా రాదు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ రోడ్ల మీదే తిరుగుతున్నాను. కానీ అంతకుముందు నేను ఇక్కడికి వచ్చినట్టే లేదు. అందుకే దీన్ని ప్రయాణం అంటున్నాను.

నాచారం: ఫ్యాక్టరీల వెనక

ప్రసన్న మేడం ప్రభుత్వంలో జీవశాస్త్రవేత్త. ఎక్కడైనా రోడ్డో గోడో కాలనీయో వస్తుందంటే, ముందుగా ఆమె వెళ్లి అక్కడ ఏ జీవులు బతుకుతున్నాయో చూసి రాయాలి. పనులు ఆపే అధికారం ఆమెకు లేదు. మొదటిరోజు నేను అదే అడిగాను, మీరు వద్దంటే ఆగిపోతుందా అని. ఆమె నవ్వింది. "రోడ్డు వెయ్యొద్దని చెప్పడం నా పని కాదండీ బాలమణిగారూ. వేస్తే ఎవరి ఇల్లు పోతుందో చెప్పడమే నా పని" అంది.

ఆమెది భీమవరం వైపు. నా పెద్ద కూతురి వయసు ఉంటుంది. నా కన్నా ముప్పై మెట్లు పైన ఉన్న ఉద్యోగం చేస్తూ నన్ను గారూ అని పిలుస్తుంటే మొదట్లో వెనక్కి తిరిగి చూసుకునేదాన్ని. చెరువుల్లో గడ్డి సంగతి తెలిసిన ఆడమనిషి కావాలని ఆమె మా క్లాసు టీచరును అడిగిందట. నేను పంతొమ్మిదేళ్లు పాల డెయిరీలకు పచ్చిగడ్డి కోశాను. మోకాళ్లు పాడయ్యాక మానేసి పచ్చళ్ల ఫ్యాక్టరీలో మూతలు బిగించే పనికి కుదిరాను. అక్కడ మూడు రోజులు సెలవు పెట్టి, మేడం మూడు కాళ్ల స్టాండు మోయడానికి ఒప్పుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే మొదట తీసుకెళ్లింది మా ఇంటికి నడిచేంత దూరానికి. ఫ్యాక్టరీల ప్రహరీ వెనక ఒక మడుగు ఉంటుంది. నీళ్లు ఒకరోజు నల్లగా, ఒకరోజు పసుపుగా ఉంటాయి. దాని పక్కనుంచి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పోవడమే తప్ప ఏనాడూ ఆగలేదు. మేడం స్టాండు నిలబెట్టి, దాని మీద పెద్ద దుర్భిణి బిగించి, పది నిమిషాలు మాట్లాడకూడదంది. అది ఆమె పద్ధతి. ఒకచోట కదలకుండా పది నిమిషాలు నిలబడాలి, కనిపించింది కనిపించినట్టు రాయాలి, తర్వాత ఇంకోచోటికి పోవాలి.

పది నిమిషాలయ్యాక నన్ను చూడమంది. విరిగిన సిమెంటు పైపు అంచున లకుముకి పిట్ట కూర్చుని ఉంది. లకుముకి పిట్టలను నేను చూడకపోలేదు. కానీ దాని కన్ను చూడటం అదే మొదలు. ఆ కంట్లో ఫ్యాక్టరీ పొగగొట్టం, దాని వెనక ఆకాశం కనిపించాయి. ఆ నీళ్లలో చేప ఎలా బతుకుతుందో, ఆ చేప కోసం ఈ పిట్ట ఎన్నాళ్లుగా ఆ పైపు మీద కాచుకుందో అని ఆలోచిస్తే తల తిరిగింది. ఇరవై ఎనిమిదేళ్లు నేను ఆ మడుగు పక్కనుంచే డ్యూటీకి పోయాను.

హబ్సిగూడలో ఇడ్లీ

టిఫిను హబ్సిగూడలో చేశాం. హాస్టళ్ల పిల్లలు వరస కట్టిన బండి దగ్గర ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. నేను పల్లీ చట్నీ పోయించుకున్నాను. మేడం అల్లం చట్నీ అడిగింది. బండి అతను లేదని చెబితే ఆమె ముఖం చిన్నబోయింది. తమ వైపు అల్లం లేకుండా ఇడ్లీ గొంతు దిగదట. మా ఇంట్లో సర్వపిండి ఎలా చేస్తామో అడిగి, గిన్నెకు అంటించి కాలుస్తామంటే తన పుస్తకంలో రాసుకుంది. ఆమె రాసుకోనిది లేదు.

అక్కడే బెంచీ మీద అసలు విషయం చెప్పింది. ఉప్పల్ వైపు చెరువు చుట్టూ వాకింగ్ ట్రాక్ కట్టబోతున్నారు. మంచిదే, పెద్దవాళ్లు నడుస్తారు, లైట్లు వస్తాయి. కానీ చెరువుకు తూర్పు మూలలో, నడుము లోతు గడ్డితో బురదగా ఉన్న భాగాన్ని మట్టి పోసి చదును చేస్తారు. అక్కడ పిట్టల గూళ్లేమీ లేవని ఎవరో ఇదివరకే ఒక కాగితం ఇచ్చారు. ఆ కాగితం వేసవిలో చూసి రాసింది. గడ్డి అప్పుడు ఎండిపోయి ఉంటుంది. వానలు పడ్డాక ఇప్పుడెలా ఉందో చూసి, మేడం సోమవారం సాయంత్రం నాలుగింటికల్లా తన రిపోర్టు ఇవ్వాలి. గుడ్లున్న గూళ్లు ఆమె కళ్లతో చూస్తే పని ఆపమని అడగడానికి ఆధారం ఉంటుంది. చూడకపోతే మంగళవారం మట్టి లారీలు వస్తాయి.

"ఉంటాయని నాకు నమ్మకం ఉందండీ. కానీ నమ్మకాన్ని రాయకూడదు. చూసిందే రాయాలి" అంది.

చెరువు తూర్పు మూల

ఉప్పల్లో మెట్రో రైలు పైనుంచి పోతుంటే అందులో ఉన్నవాళ్లందరూ ఫోన్లు చూస్తుంటారు. తలెత్తి ఒక్కసారి కిందికి చూస్తే ఈ చెరువు కనిపిస్తుంది. మేం వెళ్లేసరికి కట్ట మీద ప్లాస్టిక్ కుర్చీలో సైట్ సూపర్‌వైజరు మల్లేశం కూర్చుని ఉన్నాడు. నల్గొండ మనిషి. చెడ్డవాడు కాదు. వచ్చీ రాగానే మాకు చాయ్ తెప్పించాడు. అతని వెనక పసుపు రంగు జేసీబీ తొండం కిందికి దించి నిలబడి ఉంది.

"గడ్డిల ఏముంటది మేడం, పాములు తప్ప. జర జల్ది తేల్చున్రి. మా వోళ్లు పని లేక పేకాడుతున్నరు" అన్నాడు.

నీళ్ల నడుమ బుడుబుంగ పిట్టలు తేలే గూళ్లు కట్టుకున్నాయి. ఆకులు, నాచు పోగేసి నీళ్ల మీదే పరుపులా వేసుకుని దాని మీద గుడ్లు. తల్లి నీళ్లలోకి దిగేముందు ముక్కుతో గబగబా ఆకులు లాగి గుడ్ల మీద కప్పడం చూశాను. ఇల్లు తాళం వేసి పోయినట్టే. కానీ ఆ నడిమి భాగాన్ని ఎవరూ పూడ్చడం లేదు. కావలసింది తూర్పు మూల.

గడ్డిలో అందరం తిరిగితే అదే నాశనం. అందుకని మేడం ఒక పక్కనుంచి, నేను ఇంకో పక్కనుంచి మెల్లగా పోయాం. గడ్డిలోకి దిగగానే నా కాళ్లకు పాత తెలివి వచ్చింది. ఎక్కడ అడుగు దిగబడుతుందో, ఎక్కడ పట్టు ఉందో వాటికే తెలుసు. ఇరవై ముప్పై అడుగులు వేసి గడ్డి పాయ తీశాను. నా చేతికి మూరెడు దూరంలో బురదపిట్ట కూర్చుని ఉంది. పొడుగు ముక్కు, బురద రంగు ఒళ్లు. అది లేవలేదు. నా వైపు తిరిగి ఒక రెక్క విప్పింది. రెక్క నిండా గుండ్రటి బంగారు చుక్కలు. ఆ చుక్కలన్నీ కళ్లలా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. పిడికిలి అంత పిట్ట, తన కింద ఉన్నవాటి కోసం నా అంత మనిషిని బెదిరిస్తోంది. కడుపు కింద గుడ్డు అంచు ఒకటి కనిపించింది.

నేను చేసింది ఇది. గూటికి చేతెడు దూరంలో నాలుగు గడ్డిపోచలు కలిపి కొసన ముడి వేశాను. నా అడుగుల్లోనే వెనక్కి నడిచి బయటికి వచ్చాను. అవతలి నుంచి వచ్చిన మేడం ఏమైనా కనిపించిందా అని అడిగింది.

"లేదు మేడం" అన్నాను.

ఎందుకు అలా అన్నానో చెప్పాలి. గడ్డి కోసే ఆడవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. కోతలో గుడ్లున్న గూడు కనిపిస్తే ముడి వేసి వదిలేయాలి. తర్వాత వచ్చిన మనిషి ముడి చూసి దాని చుట్టూ చాపంత మేర కోయదు. గూడు సంగతి మాత్రం ఎవరికీ చెప్పకూడదు. పక్కన కోస్తున్న చెల్లెలికి కూడా చెప్పకూడదు. పనిలో కొత్తగా చేరినప్పుడు నేను సంబరంగా మా మరిదికి చెప్పాను. మర్నాటికి గుడ్లు లేవు, ఉడకబెట్టుకుని తిన్నాడు. సంగతి తెలిసి మా వాళ్లు పదిహేను రోజులు నా మోపు ఎత్తలేదు. పచ్చిగడ్డి మోపు నెత్తికెత్తుకోవాలంటే ఇంకో మనిషి సాయం పట్టాలి. ఒంటరిగా ఎవరివల్లా కాదు. ఆ పదిహేను రోజులు మోపును సగం చేసి, రెండేసి సార్లు నడిచి మోశాను. ఆ తర్వాత గూళ్లు ఎన్నో చూశాను. నోరు మాత్రం ఎప్పుడూ తెరవలేదు. మేడం అడిగినప్పుడు ఆలోచించి అబద్ధం చెప్పలేదు. నోరు దానంతట అదే అంది.

మేడం పుస్తకం తెరిచి, తూర్పు మూల, మొదటి రోజు, కనిపించలేదు అని రాసింది. ఆమె భుజం మీదుగా ఆ మాట నేను చదివాను.

పీర్జాదిగూడ: మూసీ గడ్డి

శనివారం మూసీ ఒడ్డుకు వెళ్లాం. పీర్జాదిగూడలో ఒక పక్క పది అంతస్తుల అపార్టుమెంట్లు లేస్తున్నాయి, ఇంకో పక్క మూసీ వెంట మనిషెత్తు పచ్చిగడ్డి. ఆ రెండింటి మధ్య రోడ్డు వెడల్పే. మా పాత జట్టు అక్కడే కోస్తోంది, ఏడుగురు. అందరికంటే పెద్ద సాయమ్మ. నాకు కొడవలి పట్టడం నేర్పింది ఆమే. మమ్మల్ని చూసి ఒకామె, మా బాలమణి పుస్తకం పట్టుకుని తిరుగుతోంది, కలెక్టర్ అయినట్టుంది, మన గడ్డికి పన్ను వేస్తుందేమో అని నవ్వించింది.

మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టారు. మేడం తొక్కు నాలుక మీద పెట్టుకుని కళ్లనీళ్లు తుడుచుకుంటూనే రెండు రొట్టెలు తింది. తింటూ ఫోనులో పిట్టల బొమ్మలు చూపించింది. అందులో బురదపిట్ట జంట ఉంది. ఒకటి నేను చూసిన మట్టిరంగుది. రెండోది మెడ ఎర్రగా, కంటి చుట్టూ తెల్లగా, పెళ్లికి వచ్చినట్టుంది.

ఆ సింగారించుకున్నది ఆడపిట్ట అని మేడం చెప్పింది. గుడ్లు పెట్టి ఆమె పోతుందట, ఇంకో మగపిట్ట దగ్గరికి. పొదిగేదీ, పిల్లల్ని వెంట తిప్పుకుని తిండి చూపించేదీ ఆ మట్టిరంగు తండ్రే.

కాసేపు ఎవరూ నమ్మలేదు. ఇన్నేళ్లుగా మేం ప్రతి గూటి దగ్గరా తల్లి కూసుంది, తల్లిని లేపొద్దు అని ఎవరికి వాళ్లం మనసులో అనుకుంటూ వచ్చాం. తర్వాత నవ్వులు మొదలయ్యాయి.

"గా పిట్టకు మొక్కాలె. మా ఇంటాయన పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవడు" అంది సాయమ్మ కోడలు.

నేను నవ్వలేదు. రెక్క విప్పి నన్ను బెదిరించింది తండ్రి అన్నమాట. రొట్టె పక్కన పెట్టాను.

నవ్వులు సద్దుమణిగాక మేడం అడిగింది. మీరు వారానికో రోజు ఉప్పల్ చెరువు తూర్పు మూలలో కూడా కోస్తారట కదా, అక్కడ ఈ పిట్ట గూడు ఎవరైనా చూశారా అని. ఒకరు రొట్టె మూట కట్టారు, ఒకరు కొడవలి రాయి మీద నూరుకున్నారు. సాయమ్మ మాత్రం నా ముఖం చూసింది. నేనేమైనా చెప్పానా అన్న చూపు అది.

తిరిగి వచ్చేటప్పుడు మేడం కాలు మోకాలి దాకా బురదలో దిగబడింది. కాలు వచ్చింది కానీ బూటు రాలేదు. సాయమ్మ కొడవలి వంపుతో బూటును తవ్వి తీసి, కడిగి, ఆమె పాదానికి తొడిగింది. ఆమెకు అంత చేసిన మనిషి గూడు సంగతి మాత్రం చెప్పలేదు.

పోచారం: శుభ్రమైన నీళ్లు

ఆదివారం పొద్దున పోచారం వైపు. ఐటీ వాళ్ల అద్దాల మేడల మీద ఎండ పడి మన ముఖానికే తిరిగి కొడుతుంది. దాటి కొంత దూరం పోయాక ఒక కొత్త కాలనీ, దాని పక్కన కుంట. గేటు దగ్గర వాచ్‌మన్ స్టాండు చూసి మమ్మల్ని భూమి సర్వే వాళ్లనుకున్నాడు. మేడం కార్డు చూపించాక, ప్లాట్లు పోవు కదా మేడం అని నాలుగుసార్లు అడిగి వదిలాడు.

కుంట ఎంత బాగుందో చెప్పలేను. చుట్టూ రంగు రాళ్ల బాట, బెంచీలు, నీళ్లలో ప్లాస్టిక్ కాగితం ఒక్కటి లేదు. ఒకాయన కుక్కను నడిపిస్తున్నాడు. మా నాచారం మడుగు గుర్తొచ్చి సిగ్గేసింది. మేడం స్టాండు పెట్టింది. పది నిమిషాలు నిలబడ్డాం. లైటు స్తంభం మీద రెండు నీటికాకులు. ఇంకేమీ రాలేదు. నీళ్లలో ఆకాశం మాత్రమే ఉంది. కంపు కొట్టే మా మడుగులో పది నిమిషాలకు రెండు పేజీలు నిండాయి.

మేడం దుర్భిణికి మూత పెట్టింది. ఇక్కడ కూడా అంచంతా గడ్డే ఉండేదట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమే వచ్చి చూసిందట. గడ్డిలోంచి పిట్ట అరుపు వినిపించింది కానీ గూడు కంటపడలేదు.

"కనిపించలేదు అని రాశాను. నిజమే రాశాను. ఆ ఒక్క మాట మీద ఇదంతా పూడ్చేశారండీ" అంది.

ఆమె ఏడవలేదు. నీళ్ల వైపు చూస్తూ నిలబడింది, అంతే. నాకు మాత్రం శుక్రవారం ఆమె పుస్తకంలో చదివిన మాట కళ్ల ముందు నిలిచింది. నోటితో అన్న 'లేదు' గాలికి పోతుంది. నేనన్న 'లేదు' కాగితం మీదికి ఎక్కింది. మంగళవారం అది లారీ అయి వస్తుంది. అక్షరాలు నేర్చుకున్న ఈ మూడేళ్లలో రాతకు ఇంత బలం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు చెప్పాను.

"మేడం, నేను నీకు అబద్ధం చెప్పిన. శుక్రవారం నాడే గూడు చూసిన."

ఆమె నన్ను తిట్టలేదు. రెండు ఆటోలు ఆగి వెళ్లిపోయాయి. ఆమె ఎక్కలేదు. నేను ముడి సంగతి, మరిది సంగతి, మోపు సంగతి అంతా చెప్పాను. విని విని చివరకు, "మీరందరూ నోరు మూసుకోబట్టే ఇన్నాళ్లూ అవి ఉన్నాయండీ" అంది. ఆ మాటతో నాకు ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ ఉప్పల్

మేం వెళ్లేసరికి జేసీబీ కట్ట దిగి గడ్డి అంచుకు వచ్చి ఉంది. మంగళవారానికి సిద్ధంగా ఉండాలని మల్లేశం దించాడట. నేను గడ్డిలోకి దిగబోతే మేడం ఆపింది. కట్ట మీద నుంచే చూస్తే పిట్ట బెదరదు, మీ ముడి ఎక్కడుందో చూపించండి చాలు అంది.

పొద్దు పడమటికి వాలింది. ఎండ అడ్డంగా పడి గడ్డి కొసలన్నీ వెలుగుతున్నాయి. నా ముడి కోసం దుర్భిణిలో కన్ను పెట్టాను. ఒకటి కనిపించింది. కానీ అది నాది కాదు, నేను కుడివైపుకు వేస్తాను, అది ఎడమకు ఉంది. దాని వెనక ఇంకొకటి. కొంచెం జరిపితే ఇంకో రెండు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి పదకొండు దగ్గర ఆగిపోయాను. తూర్పు మూలంతా ముడులే. పంతొమ్మిదేళ్లు ఈ గడ్డిలో వంగి కోశాను. కట్ట మీద నిలబడి దాన్ని ఏనాడూ చూడలేదు. వంగి కోసేటప్పుడు ఎదురైన ఒకటి రెండు తప్ప మిగతా ముడులు ఎవరికీ తెలియవు. ఒకరికొకరు చెప్పుకోకుండా ఇంతమంది ఆడవాళ్లు ఇన్ని ఇళ్లకు కాపలా కాశారు. మేడం చెయ్యి పట్టుకుని దుర్భిణి దగ్గరికి లాగాను.

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత, ముడులు గూళ్లు కావు కదండీ అంది మెల్లగా. కొన్ని గూళ్లు పాడై ఉండొచ్చు, కొన్నింటిలో పిల్లలు లేచిపోయి ఉండొచ్చు. ఏ ముడి దగ్గర ఇప్పుడు పిట్ట ఉందో వేసినవాళ్లకే తెలుస్తుంది.

నా ముడి దొరికింది. గడ్డి సందులోంచి ముక్కు, ఒక కన్ను కనిపించాయి. మేడం ఫొటోలు తీసింది. తీస్తుండగానే ఆ ఎర్రమెడ ఆడపిట్ట బురదలోంచి బయటికి వచ్చి, ఎండలో రెండు నిమిషాలు నిలబడి, మళ్లీ గడ్డిలో కలిసింది.

మల్లేశాన్ని కూడా చూడమంది మేడం. అతను వంగి ఒక కన్ను మూసుకున్నాడు.

"గింత చిన్నదానికా మేం ఆగేది" అన్నాడు. కానీ కన్ను తీయలేదు. పొదిగేది తండ్రి అని నేను చెబితే, "నిజమేనా అక్కా" అని ఇంకాసేపు చూశాడు. లేచాక చేతులు దులుపుకుని, తన చేతిలో ఏమీ లేదన్నాడు, పైనుంచి ఏం చెబితే అదేనన్నాడు. తర్వాత డ్రైవరును పిలిచి బండిని గేటు దాకా వెనక్కి తీసుకుపొమ్మన్నాడు. "అడిగితే డీజిల్ అయిపోయిందని చెప్త. ఒక్క దినం" అన్నాడు.

చీకటి పడేముందు మేడం స్టాండు మడుస్తూ నిజం చెప్పింది. ఒక్క గూడైతే దాని చుట్టూ నాలుగు కర్రలు పాతి వదిలి మిగతాదంతా పూడుస్తారు. మూల మొత్తం నిలవాలంటే ఇంకా గూళ్లు చూపించాలి, రేపు నాలుగింటిలోపు. నన్ను ఏమీ అడగలేదు. బస్సెక్కించి వెళ్లిపోయింది.

పోయిన వారం వచ్చిన కాగితంలో తూర్పు మూల ఉన్నది ఉన్నట్టే ఉండాలని, ట్రాకు అక్కడ రోడ్డు వైపుకు జరగాలని ఉంది. నేనే చదివాను, వేలు పెట్టుకుని, రెండుసార్లు. ఆ కాగితం వెనక మేడం కట్ట మీద నుంచి తీసిన ఆరు గూళ్ల ఫొటోలు జత చేశారు. ఆదివారం సాయంత్రం మా దగ్గర ఉన్నది ఒక్కటే.

మరునాడు పొద్దున

సోమవారం మా జట్టు కోత చెరువు మీద. వాళ్లకంటే ముందే వెళ్లి కట్ట మీద నిలబడ్డాను. ఏడుగురూ ఆటో దిగి వచ్చారు. నన్ను చూడగానే వాళ్లకు అర్థమై ఉంటుంది. ఇంకొకరి నోటి నుంచి వినకముందే నేనే చెప్పాలని వచ్చానన్నాను. గూడు చూశానని, మేడానికి చెప్పానని, ఫొటో కూడా తీశారని, మంగళవారం ఏం రాబోతోందో అన్నీ చెప్పాను. చెప్పి తల వంచుకున్నాను.

సాయమ్మ కోడలు, ఎన్నడో ఒకసారి అయింది చాలదా అత్తా నీకు అంది. మిగతావాళ్లు నా నుంచి రెండడుగులు ఎడంగా జరిగారు. సాయమ్మ నేల మీద కూర్చుని కొడవలి నూరుకుంటూ గేటు దగ్గరున్న బండిని చూసింది, గడ్డిని చూసింది. ఎంతసేపు నూరిందో.

"పిట్ట లేసిందా?" అని అడిగింది.

"లేవలే. నిన్న పొద్దుగూకిందాక గూటి మీదనే ఉన్నడు."

"మీ మేడంకు ఎన్ని గావాలె?"

"ఎన్ని ఉంటే అన్ని."

సాయమ్మ లేచింది. కొడవలిని కోడలి చేతికిచ్చింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. మిగిలినవాళ్ల వైపు తిరిగి ఏమీ అనలేదు, అయినా ఒక్కొక్కరూ కొడవళ్లు కట్ట మీద పెట్టడం చూశాను.

"నోటితోని చెప్ప. ఇన్నేండ్లు చెప్పలే, ఇప్పుడూ చెప్ప" అంది నాతో. "నా ఎనుక రా. సూపిస్త."

నేను చెప్పులు విడిచి, ఆమె అడుగుల్లో అడుగు వేస్తూ నీళ్లలోకి దిగాను.